పాత ఇంటర్‌కామ్ మిషన్‌కు వాయిస్‌మెయిల్ పెట్టుకోవడం: కాగితం నుంచి చివరి టెస్ట్ కాల్ దాకా

మిర్యాలగూడ రైస్‌మిల్లు ఆఫీసు అయినా, నల్లగొండ బత్తాయి కమీషన్ దుకాణమైనా, మహబూబ్‌నగర్ నర్సింగ్ హోమ్ కౌంటరైనా నన్ను అడిగే మాట ఒకటే. "అన్నా, మా ఇంటర్‌కామ్ డబ్బా పాతది. దానికి వాయిస్‌మెయిల్ అయితదా? లేకుంటే మిషనే మార్చాల్నా?"

అవుతుంది. వాయిస్‌మెయిల్ అంటే మనం ఎత్తనప్పుడు ఫోన్ చేసినవాళ్ల మాటను రికార్డు చేసి దాచిపెట్టేది. దానికోసం మిషన్ మార్చక్కర్లేదు. వాయిస్‌మెయిల్ డబ్బా బిగించడానికి పట్టేది అరగంటే. మిగతా రోజంతా ఎవరి ఫోన్ ఎప్పుడు ఎక్కడికి మళ్లాలి, అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తే లైన్ ఎలా తెగాలి అన్న రెండు లెక్కలకే పోతుంది. చాలాచోట్ల ఆ రెండూ చూడకుండా డబ్బా తగిలించి వెళ్లిపోతారు. నెల తిరగకముందే ఆఫీసువాళ్లు ప్లగ్ పీకి పక్కన పెడతారు. అందుకే ఆ రెండు చోట్ల ఎక్కువసేపు ఆగుతాను.

## 1. ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూడండి

ఇంటర్‌కామ్ మిషన్, అంటే ఈపీఏబీఎక్స్, మూత మీద ఉన్న స్టిక్కర్‌లో మోడల్ నంబర్ ఉంటుంది. దాన్ని మొబైల్‌లో ఫొటో తీసుకోండి. లోపలి కార్డులు కూడా కనిపించేలా ఇంకో ఫొటో తీయండి. మూత తీసేముందు కరెంటు ఆపండి.

వాయిస్‌మెయిల్ పెట్టడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, మిషన్ లోపల పెట్టే వాయిస్ మెసేజ్ కార్డు. ఉదాహరణకు మన దగ్గర చాలా ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న పానాసోనిక్ కేఎక్స్-టీఈఎస్ 824కు రెండు చానళ్ల కార్డు ఉంది. మీ మోడల్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే అన్నిటికన్నా సులువైన దారి ఇదే.

రెండోది, బయట పెట్టే వాయిస్‌మెయిల్ డబ్బా. మామూలు రెండు వైర్ల ఎక్స్‌టెన్షన్లకు, అంటే మిషన్ నుంచి లోపలి ఫోన్లకు పోయే లైన్లకు, దాన్ని తగిలిస్తాం. మిషన్‌కు అది ఇంకో ఫోన్ లాగే కనబడుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

మూడోది, ఒక్క ఎక్స్‌టెన్షన్‌కు ఆన్సరింగ్ మిషన్ ఉన్న కార్డ్‌లెస్ ఫోన్ పెట్టడం. ఇద్దరు ముగ్గురున్న ఆఫీసుకు ఇది చాలు. అంతకన్నా ఖర్చు పెట్టొద్దనే చెప్తాను.

చూసుకోవాల్సినవి:

- మిషన్‌లో ఖాళీగా ఉన్న మామూలు ఎక్స్‌టెన్షన్ పోర్టులు (వైరు తగిలించే చోట్లు) ఎన్ని? కనీసం రెండు కావాలి.
- బయటి లైన్లు ఎన్ని? రాగి తీగవా, ఫైబర్ డబ్బా నుంచి వచ్చేవా, సిమ్ వేసిన డబ్బావా?
- ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?
- యూజర్ మాన్యువల్, ప్రోగ్రామింగ్ మాన్యువల్ రెండూ ఉన్నాయా? రెండోది లేకుండా పని మొదలుపెట్టకండి.

పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే ముందు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ వేసి చూడండి. పైన చెప్పిన 824లో మొదటి జాక్‌కు పానాసోనిక్ ఫోన్ పెట్టి, ప్రోగ్రామ్ బటన్ నొక్కి, స్టార్, హాష్, ఆ తర్వాత 1234. చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. అలా ఉండటం ఎంత ప్రమాదమో పదో మెట్టులో చెప్తాను. మిషన్ మొత్తం రీసెట్ చేద్దామని మాత్రం తొందరపడకండి. పాత సెట్టింగులన్నీ పోతాయి, ఏ ఫోన్ ఎక్కడ మోగాలన్నదంతా మొదటినుంచి పెట్టుకోవాలి.

## 2. కాగితం మీద పటం గీయండి

ఇది లేకుండా నేను స్క్రూడ్రైవర్ పట్టుకోను. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. ఎక్స్‌టెన్షన్ నంబర్, ఎవరిది, ఎత్తకపోతే ఎక్కడికి పోవాలి, మెసేజ్ ఎవరు వింటారు.

నిరుడు యాసంగి వడ్లు వచ్చే ముందు ఒక మిల్లులో గీసిన పటం ఇలా ఉంది. 101 కౌంటర్ గుమాస్తా, ఎత్తకపోతే 102. 102 అకౌంటెంట్, ఎత్తకపోతే వాయిస్‌మెయిల్. 103 ఓనరు గది, నేరుగా వాయిస్‌మెయిల్. 104 కాటా దగ్గరి ఫోన్, దీనికి వాయిస్‌మెయిల్ లేదు. 105 గేటు, దీనికీ లేదు.

కాటా దగ్గర ఎందుకు వద్దన్నానంటే, అక్కడి ఫోన్‌కు ఒక మనిషంటూ ఉండడు. లారీ దిగినప్పుడు ఎవరు దగ్గరుంటే వాళ్లే ఎత్తుతారు. అలాంటి ఫోన్‌కు మెయిల్‌బాక్స్, అంటే మెసేజులు పడే విడి చోటు, ఇస్తే ఎవరూ వినరు, పదిరోజులకు నిండిపోతుంది.

"మెసేజ్ ఎవరు వింటారు" అన్న నాలుగో గడిలో "అందరూ" అని రాయకండి. ఒక పేరు రాయండి. ఆ మనిషి సెలవు పెడితే ఎవరన్నది పక్కనే ఇంకో పేరు. పది ఎక్స్‌టెన్షన్లున్న ఆఫీసుకు నా లెక్కలో మూడు నాలుగు మెయిల్‌బాక్సులు చాలు.

## 3. సామాన్లు, వైరింగ్

- వాయిస్‌మెయిల్ డబ్బా, దాని సొంత అడాప్టర్. వోల్టేజి సరిపోయిందని వేరేది పెట్టకండి. పిన్ను ప్లస్, మైనస్ తిరగబడితే డబ్బా కాలిపోతుంది.
- రెండు ఆర్‌జే 11 వైర్లు (మామూలు ఫోన్ ప్లగ్ ఉన్నవి)
- క్రోన్ టూల్ (తీగను కనెక్టర్‌లోకి నొక్కి బిగించేది), కొంచెం జంపర్ వైరు
- మల్టీమీటర్
- పనిచేస్తుందని నమ్మకం ఉన్న ఒక మామూలు ఫోన్
- మిషన్‌కు, డబ్బాకు కలిపి ఒక యూపీఎస్

వైరు బిగించే ముందు ఆ రెండు పోర్టులకు మామూలు ఫోన్ పెట్టి చూడండి. డయల్ టోన్ రావాలి, అక్కడినుంచి 101కు పోవాలి, 101 నుంచి అక్కడికి రావాలి. ఫోన్ అడుగున పీ, టీ అని చిన్న స్విచ్ ఉంటే టీ వైపు పెట్టండి. పీ వైపు ఉంటే నంబర్ కలుస్తుంది గానీ వాయిస్‌మెయిల్‌కు బటన్ నొక్కినట్టే తెలియదు. పాత ఫోన్లున్న ఆఫీసుల్లో "పాస్‌వర్డ్ తీసుకుంటలేదు" అనే ఫిర్యాదులో సగం ఈ స్విచ్‌దే.

రింగ్ వచ్చేటప్పుడు ఆ తీగల్లో 75 వోల్టుల చుట్టూ కరెంటు ఉంటుంది. చెమట చేతులతో కొనలు పట్టుకుంటే గట్టిగానే కొడుతుంది.

మిల్లుల్లో ఎలుకల బెడద చెప్పక్కర్లేదు. వైరును గోడ అంచున వదిలేయకుండా పీవీసీ పైపులో వేయండి. తవుడు దుమ్ము పడేచోట డబ్బా పెట్టొద్దు. మే నెల ఉరుముల వానలకు ఏటా మిషన్లు పోతూనే ఉంటాయి కాబట్టి బయటి లైన్లకు సర్జ్ ప్రొటెక్టర్, సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

బయటి లైన్ ఫైబర్ అయితే ఇంకో మాట. పాత రాగి లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది. ఫైబర్ డబ్బా మీ ఆఫీసు కరెంటు మీదే బతుకుతుంది. దాన్ని కూడా అదే యూపీఎస్ మీదకు తెండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు వాయిస్‌మెయిల్ బతికే ఉంటుంది, దాని దాకా కాల్ మాత్రం రాదు.

## 4. రెండు పోర్టులను ఒక గుంపుగా కట్టండి

వాయిస్‌మెయిల్‌కు రెండు పోర్టులిస్తే ఒకేసారి ఇద్దరు మెసేజ్ పెట్టగలరు. మొదటిది బిజీగా ఉంటే కాల్ రెండోదానికి దూకాలి. దీన్నే హంటింగ్ గ్రూప్ అంటారు.

ప్రోగ్రామింగ్‌లో ఆ రెండు ఎక్స్‌టెన్షన్లను, అవి 123, 124 అనుకుందాం, ఒక హంటింగ్ గ్రూపులో వేయండి. మీ మిషన్‌లో వాయిస్‌మెయిల్ గ్రూప్ అని విడిగా ఉంటే అందులోనే వేయాలి. మామూలు గ్రూపులో వేస్తే కాల్ దూకుతుంది గానీ ఆరో మెట్టులో చెప్పబోయే అంకెలు పోవు.

ఈ రెండు పోర్టులకు కాల్ వెయిటింగ్ తీసేయండి. రికార్డింగ్ మధ్యలో టుక్ టుక్ అని శబ్దం పడితే అది కాల్ వెయిటింగే.

## 5. ఎత్తకపోతే ఎప్పుడు మళ్లాలి: సెకన్ల లెక్క

మన ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసినవాళ్లకు వినబడే రింగు 0.4 సెకను మోగి, 0.2 ఆగి, మళ్లీ 0.4 మోగి, 2 సెకన్లు మౌనంగా ఉంటుంది. మొత్తం మూడు సెకన్లకు ఒక "ట్రింగ్ ట్రింగ్". ఐదు రింగులంటే పదిహేను సెకన్లు.

ఇంకో లెక్క. ఎవరూ ఎత్తకపోతే ల్యాండ్‌లైన్ మీద రింగు 60 సెకన్లకు, మొబైల్ మీద 30 సెకన్లకు ఆగిపోవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో నిర్ణయించింది.

ఇప్పుడు ఈ రెండూ కలపండి. కౌంటర్ దగ్గర 20 సెకన్లు, అకౌంటెంట్ దగ్గర 20, అంటే 40 సెకన్లకు వాయిస్‌మెయిల్ ఎత్తుతుంది. బాగానే ఉంది. మధ్యలో మూడో మనిషిని ఇరికించి ఇంకో 20 పెట్టారనుకోండి, 60 దగ్గర లైనే తెగిపోతుంది. "వాయిస్‌మెయిల్ ఒక్కోసారి వస్తది, ఒక్కోసారి రాదు" అంటే ముందు చూడాల్సింది ఈ కూడిక.

బయటి లైన్‌గా సిమ్ వేసిన డబ్బా వాడుతుంటే గడువు 30 సెకన్లే. అక్కడ ఒక్క మనిషికి 15 సెకన్లు ఇచ్చి నేరుగా వాయిస్‌మెయిల్‌కు మళ్లించండి.

చేయాల్సిన వరుస:

- ప్రతి ఎక్స్‌టెన్షన్‌కు "బిజీ లేదా ఎత్తకపోతే" అనే రకం ఫార్వర్డ్ (కాల్ మళ్లింపు) పెట్టండి. "అన్ని కాల్స్" అనేది పెట్టకండి.
- గమ్యం ఒక్క పోర్టు నంబర్ కాదు, గ్రూపు నంబర్.
- ఎత్తకపోతే ఆగే సమయం 15 నుంచి 20 సెకన్లు.
- పటంలో గీసిన వరుసలో కూడిక 45 సెకన్లు దాటకూడదు.

రెండు ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టకండి. కౌంటర్ ఎత్తకపోతే అకౌంటెంట్, అకౌంటెంట్ ఎత్తకపోతే కౌంటర్ అంటే కాల్ వాళ్లిద్దరి మధ్య తిరుగుతూ తిరుగుతూ చస్తుంది.

## 6. ఎవరి మెయిల్‌బాక్స్‌లో పడాలో మిషన్ చెప్పాలి

103కు వచ్చిన కాల్ వాయిస్‌మెయిల్‌కు మళ్లింది. ఇది 103 నుంచి వచ్చిందని డబ్బాకు ఎలా తెలియాలి? డబ్బా ఎత్తగానే మిషన్ బటన్ నొక్కినట్టు కొన్ని అంకెలు దానికి పంపుతుంది. డబ్బా వాటిని చదివి 103 గ్రీటింగ్, అంటే ముందుగా రికార్డు చేసి పెట్టిన పలకరింపు, వినిపిస్తుంది. ఈ అంకెలు పోకపోతే ప్రతి ఒక్కరికీ "మీకు కావాల్సిన ఎక్స్‌టెన్షన్ నంబర్ నొక్కండి" అనే మాటే వస్తుంది.

మిషన్ వైపు ఈ అంకెలు పంపడం ఆన్ చేయాలి. డబ్బా వైపు అదే వరుసను అర్థం చేసుకునేలా పెట్టాలి. ఒకే కంపెనీ సామాను అయితే చాలావరకు డబ్బాలో మోడల్ ఎంచుకుంటే చాలు. వేర్వేరు కంపెనీలవైతే ఇలా చూడండి: వాయిస్‌మెయిల్ పోర్టులో డబ్బా తీసి మామూలు ఫోన్ పెట్టండి. 103కు ఫోన్ చేసి ఎత్తకుండా వదిలేయండి. కాల్ ఆ ఫోన్‌కు మళ్లగానే ఎత్తి వినండి. టకటకమని టోన్లు వినబడితే అంకెలు వస్తున్నాయి. మౌనంగా ఉంటే మిషన్ పంపడం లేదు.

టోన్లు వినబడుతున్నా డబ్బా పట్టుకోకపోతే అవి మరీ తొందరగా వస్తున్నాయని అర్థం. డబ్బా లైన్ ఎత్తి సర్దుకునేలోపే మొదటి అంకె పోతుంది. పంపేముందు ఒక సెకను ఆగేలా మిషన్‌లో మార్చండి.

మీ మిషన్‌కు అసలు ఈ సౌకర్యమే లేకపోతే ఆఫీసు మొత్తానికి ఒకే మెయిల్‌బాక్స్ పెట్టుకోండి. చిన్న ఆఫీసుకు అదేమంత లోటు కాదు.

## 7. లైన్ తెగడం: అసలు తలనొప్పి ఇక్కడే

డబ్బా పెట్టి వచ్చిన నాలుగో రోజు ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్. "అన్నా, మెసేజులు ముప్పై ఉన్నయి, అన్నిట్లో బీప్ బీప్ తప్ప ఏం లేదు. పొద్దుగాల్నుంచి ఒక లైన్ ఎంగేజే ఉంటాంది." తప్పు నాదే. ఈ మెట్టును తొందరలో వదిలేసి వచ్చాను.

జరిగేది ఇది. ఫోన్ చేసినాయన మెసేజ్ పెట్టకుండా కట్ చేస్తాడు. మనుషులమైతే బీప్ బీప్ విని పెట్టేస్తాం. డబ్బాకు అది నేర్పకపోతే, ఎవరో మాట్లాడుతున్నారనుకుని రికార్డు చేస్తూనే ఉంటుంది. అంతసేపూ బయటి లైన్ ఆగిపోయి ఉంటుంది.

మన ల్యాండ్‌లైన్ బిజీ టోన్ 400 హెర్ట్‌జ్, 0.75 సెకను మోగి 0.75 ఆగుతుంది. లైన్లు రద్దీగా ఉన్నప్పుడు వచ్చే తొందర టోన్ 0.25 మోగి 0.25 ఆగుతుంది. బయటి దేశాల కోసం చేసిన డబ్బాలో అక్కడి టోన్లే ఉంటాయి. అందుకే మనవి గుర్తుపట్టవు.

నేర్పాల్సినవి ఒకటి కాదు, రెండు. బయటివాళ్లు కట్ చేసినప్పుడు ల్యాండ్‌లైన్ నుంచి వచ్చే బీప్ ఒకటి. లోపలి ఎక్స్‌టెన్షన్ పెట్టేసినప్పుడు మీ మిషన్ సొంతంగా ఇచ్చే టోన్ ఇంకొకటి. రెండూ ఒకేలా ఉండాలని లేదు. మొదటిది మాత్రమే నేర్పి, లోపలి కాల్స్‌తో మెసేజులు నిండుతున్నాయని తల పట్టుకున్నవాళ్లను చూశాను.

వరుసగా:

- డబ్బా సెట్టింగులో దేశాన్ని ఎంచుకునే వీలుంటే ఇండియా పెట్టండి.
- లేకపోతే టోన్ నేర్చుకునే మెనూ తెరవండి. మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కు చేసి, డబ్బా ఎత్తాక మొబైల్ కట్ చేయండి. వచ్చే టోన్‌ను డబ్బా పట్టుకుంటుంది.
- 101 నుంచి డబ్బాకు చేసి పెట్టేసి, లోపలి టోన్ కూడా నేర్పండి.
- ఆ మెనూ లేకపోతే పై అంకెలు చేత్తో వేయండి.
- మౌనం చూసి కట్ చేసే సమయం 7 లేదా 8 సెకన్లు పెట్టండి.
- ఒక్కో మెసేజ్ గరిష్ఠంగా 60 నుంచి 90 సెకన్లు.

మౌనం సమయాన్ని 3 సెకన్లకు తగ్గించమని కొందరు చెప్తారు. ఒప్పుకోను. పెద్దాయన నంబర్ చెప్పబోయి, జేబులో చీటీ వెతుక్కునేలోపే లైన్ పోతుంది.

ఫైబర్ డబ్బాల్లో కొన్ని కాసేపు బీప్ ఇచ్చి ఊరుకుంటాయి. అక్కడ టోన్ తప్పినా ఈ మౌనం సెట్టింగే లైన్‌ను కాపాడుతుంది.

నాలుగు గంటల నిల్వ ఉన్న డబ్బా అంటే నిమిషం చొప్పున 240 మెసేజులు. వినడానికి చాలా అనిపిస్తుంది. బీప్ బీప్‌లు చేరితే వారం కూడా రాదు.

## 8. గ్రీటింగ్ రికార్డు చేయడం

డబ్బాతో వచ్చే ఇంగ్లిష్ గొంతును ఉంచకండి. మన దగ్గర ఫోన్ చేసే రైతు ఆ మాటలు వినగానే కట్ చేస్తాడు. తెలుగులో రికార్డు చేయండి.

నేను విన్న మెసేజుల్లో ఒకటి ఇప్పటికీ చెవుల్లో ఉంది. "హలో... హలో... ఫోనెత్తిండ్రు గానీ మాట్లాడ్తలేరేందే?" పక్కనెవరితోనో అంటున్నాడు. వెనక ట్రాక్టర్ చప్పుడు. పద్దెనిమిది సెకన్లు హలో అని, పెట్టేశాడు. పేరు లేదు, ఊరు లేదు. గ్రీటింగ్‌లో అంతా మర్యాదగా చెప్పారు గానీ, అవతల ఉన్నది మనిషి కాదని మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత నేను రాయించే గ్రీటింగ్ ఇది:

"నమస్కారం. ఇది ఫలానా రైస్‌మిల్లు ఆఫీసు. ఇప్పుడు మీరు వింటున్నది రికార్డింగ్. బీప్ అని వచ్చినంక మీ పేరు, ఊరు చెప్పండి. ఫోన్ నంబర్ రెండుసార్లు చెప్పండి. మేమే మీకు ఫోన్ చేస్తాం."

చదివి చూడండి, పదిహేను సెకన్లలోపే అయిపోతుంది. అంతకన్నా పెంచకండి. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" లాంటి మాటలు తీసేయండి. "సాయంత్రంలోపు చేస్తాం" అని రాయాలనుకుంటే, నిజంగా చేస్తేనే రాయండి.

రాత్రికి ఇంకోటి విడిగా ఉండాలి. అందులో ఆఫీసు మళ్లీ ఎన్నింటికి తెరుస్తారో చెప్పాలి. నర్సింగ్ హోమ్ అయితే రాత్రి గ్రీటింగ్‌లో మొదటి మాటే అత్యవసరానికి ఏ నంబర్‌కు చేయాలన్నది. మహబూబ్‌నగర్ టౌన్‌లో చాలామంది తెలుగు తర్వాత ఉర్దూలో కూడా రెండు ముక్కలు పెట్టమంటారు. పెట్టండి. కానీ "తెలుగుకు ఒకటి, ఉర్దూకు రెండు నొక్కండి" అని అడగకుండా ఒకదాని వెంట ఒకటి చెప్పేయండి.

రికార్డు చేసేటప్పుడు:

- ఫ్యాన్ ఆపండి. మిల్లు ఆగిన టైమ్‌లో చేయండి.
- హ్యాండ్‌సెట్‌లోనే మాట్లాడండి, స్పీకర్‌ఫోన్ వద్దు.
- మొబైల్‌లో రికార్డు చేసి రిసీవర్ దగ్గర పెట్టి వినిపించొద్దు. బావిలోంచి వచ్చినట్టుంటుంది.
- మౌత్‌పీస్‌ను నోటికి కొంచెం పక్కగా పట్టుకోండి. "ఫ" అన్నప్పుడు గాలి కొట్టదు.
- ముందు కాగితం మీద రాసుకుని చదవండి.
- బయట మొబైల్ నుంచి ఫోన్ చేసి వినండి. లోపలి ఫోన్‌లో బాగున్నది బయట బాగుండాలని లేదు.

గొంతు ఓనరుదే ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారు. రోజూ ఫోన్ ఎత్తే మనిషి గొంతు పెట్టమంటాను. రైతులకు ఆ గొంతు తెలుసు.

పగటిపూట ఆటో అటెండెంట్, అంటే "ఫలానా వాళ్లకు ఒకటి నొక్కండి" అనేది, నేను పెట్టను. మనిషి ఉన్నప్పుడు మనిషే ఎత్తాలి. రాత్రికి కావాలంటే పెట్టుకోండి.

## 9. మెసేజ్ వచ్చిందని తెలియాలి

లైటున్న ఫోన్లయితే మెసేజ్ రాగానే డబ్బా మిషన్‌కు ఒక కోడ్ కొడుతుంది, లైటు వెలుగుతుంది. విన్నాక ఇంకో కోడ్ కొడుతుంది, ఆరుతుంది. ఈ రెండు కోడ్లు మీ మిషన్ మాన్యువల్‌లో ఉన్నట్టే డబ్బాలో వేయాలి. లైటు వెలిగి ఆరడం లేదంటే రెండో కోడ్ తప్పు.

లైటు లేని మామూలు ఫోన్లలో రిసీవర్ ఎత్తగానే డయల్ టోన్ తెగి తెగి వస్తుంది. ఈ సంగతి వాడేవాళ్లకు చెప్పకపోతే లైన్ పాడైందనుకుని లైన్‌మన్‌ను పిలుస్తారు.

మొబైల్‌కు ఫోన్ చేసి చెప్పే సౌకర్యం ఉంటే నంబర్ వేసేటప్పుడు జాగ్రత్త. ముందు బయటి లైన్ కోడ్, అది మీ దగ్గర 0 గానీ 9 గానీ. తర్వాత ఒక పాజ్. తర్వాత ఇంకో 0, ఆపైన పది అంకెలు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు 0 కొట్టాలి. అంతకుముందు ప్రోగ్రామ్ చేసిన డబ్బాల్లో ఆ సున్నా లేదు. ఈ ఒక్క సున్నా కోసం నేను దేవరకొండ దాకా పోయి వచ్చాను.

## 10. పాస్‌వర్డులు, బయటి కాల్స్‌కు తాళం

- మిషన్ ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ మార్చండి. కొత్తది కవర్‌లో పెట్టి ఓనరు బీరువాలో ఉంచండి.
- డబ్బా మేనేజర్ పాస్‌వర్డ్ మార్చండి.
- ప్రతి మెయిల్‌బాక్స్‌కు పాస్‌వర్డ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టకండి.
- వాయిస్‌మెయిల్ పోర్టులకు ఐఎస్‌డీ (విదేశీ కాల్స్) పూర్తిగా ఆపండి. మొబైల్‌కు కబురు అవసరం లేకపోతే బయటి లైనే ఇవ్వకండి.

బయటినుంచి ఫోన్ చేసి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ కొట్టి, మీ డబ్బా గుండా విదేశాలకు కాల్స్ చేసే మోసం ఉంది. బిల్లు వచ్చేదాకా తెలియదు.

నర్సింగ్ హోమ్ వాళ్లు మెసేజులు కౌంటర్ దగ్గర స్పీకర్‌లో వినొద్దు. ఒకరి రోగం సంగతి వరుసలో నిలబడ్డ అందరికీ చెప్పినట్టవుతుంది.

## 11. గడియారం, బ్యాటరీ

పాత డబ్బాల్లో టైమ్, సెట్టింగులు నిలబెట్టేది లోపలి చిన్న బ్యాటరీ. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ టైమ్ మొదటికొస్తుంది. మధ్యాహ్నం పూట రాత్రి గ్రీటింగ్ వినబడుతుందంటే ముందు గడియారం చూడండి.

కరెంటు వచ్చాక మిషన్ పూర్తిగా లేచిన తర్వాతే డబ్బా ఆన్ చేయండి. డబ్బా ముందు లేస్తే డయల్ టోన్ దొరక్క, పోర్టు చెడిందనుకుని మూసేసుకునే రకాలున్నాయి.

## 12. వదిలి వెళ్లేముందు టెస్ట్ కాల్స్

రెండు మొబైళ్లు, ఒక మనిషి తోడు కావాలి. ఒక్కోటి చేసి కాగితం మీద టిక్ పెట్టండి.

- బయటినుంచి 101కు చేసి ఎత్తకుండా వదిలితే ఎన్ని సెకన్లకు వాయిస్‌మెయిల్ వచ్చింది?
- 103 మాట్లాడుతుండగా 103కు చేస్తే దాని గ్రీటింగే వచ్చిందా?
- ఒకేసారి రెండు మొబైళ్ల నుంచి మెసేజ్ పెట్టగలిగారా?
- గ్రీటింగ్ మధ్యలో కట్ చేస్తే, మెసేజ్ మధ్యలో కట్ చేస్తే లైన్ ఎంతసేపటికి ఖాళీ అయింది?
- లోపలి ఫోన్ నుంచి కూడా అదే చేసి చూశారా?
- లైటు వెలిగిందా, విన్నాక ఆరిందా?
- మెయిన్ ఆపి యూపీఎస్ మీద కాల్ వచ్చిందా? యూపీఎస్ కూడా ఆపి మళ్లీ వేస్తే అంతా తిరిగి లేచిందా?
- మెసేజ్ వినాల్సిన మనిషి, మీరు పక్కన నిలబడి చెప్పకుండా, తనంతట తాను విని తీసేయగలిగారా?

చివరిదాన్ని వదిలేయకండి. ఆ మనిషి చేత మూడుసార్లు చేయించండి. కోడ్, పాస్‌వర్డ్ పెట్టే తీరు, తర్వాత మెసేజ్‌కు ఏ బటన్, తీసేయడానికి ఏ బటన్ అన్నవి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫోన్ పక్కన గోడకు అంటించండి. పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయొద్దు.

రెండో మెట్టులో గీసిన పటాన్ని, మార్చిన సెట్టింగుల చీటీని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మిషన్ మూత లోపల టేపు వేసి అంటించండి. వారం తర్వాత ఒకసారి ఫోన్ చేసి, ఎన్ని మెసేజులున్నాయి, అందులో బీప్ బీప్‌లు ఎన్ని అని అడగండి. పదిలో రెండు దాటితే ఏడో మెట్టుకు తిరిగి రండి.